పెదనాయన మగ్గం వీడియో: ఏం కొన్నాను, ఏం వద్దనుకున్నాను

నవంబరు మొదట్లో

భూదాన్ పోచంపల్లిలో మా పెదనాయన గుంట మగ్గం మీద నేస్తాడు. ఆసు పోయడం (పేక దారాన్ని మేకుల మీద తిప్పుకోవడం), దారానికి చిటికి కట్టడం (రంగు అంటకూడని చోట బిగించి కట్టడం), రంగులో ముంచడం, పడుగు (నిలువు దారాలు) సర్దడం, నేయడం, ఇట్లా పని మొత్తాన్నీ ఐదారు నిమిషాల చిన్న వీడియోలుగా తీయాలని కూర్చున్నాను. మాటలు ఆయనవే ఉండాలి. పక్కనుంచి నేను చదివే వ్యాఖ్యానం వద్దు. మా ఇంట్లో ఈ పని ఆయన తరంతో ఆగిపోయేలా ఉంది. అన్నలిద్దరికీ హైదరాబాదులో ఉద్యోగాలు, నాకూ అక్కడే. ఏ ముడి ఎందుకు అక్కడ పడుతుందో ఆయన నోటితో చెప్పగా విని దాచుకోవాలని నా కోరిక.

ఫోను కొత్తది కొనడం లేదు. నా దగ్గరున్నది రెండేళ్ల కిందటి మధ్యరకం ఆండ్రాయిడ్. కొనాల్సింది దాని చుట్టూ ఉండే సామాను. ఐదు వేలు దాటకూడదని పెట్టుకున్నాను.

కొనేముందు ఆ గదిలో చాలాసేపు ఊరికే కూర్చున్నాను. పది అడుగుల గది. ఉత్తరం వైపు ఒకటే కిటికీ. పైన ఎల్ఈడీ ట్యూబు. మగ్గం నేలమట్టంలో ఉంటుంది, పెదనాయన కాళ్లు గుంటలో తొక్కుడు కట్టెల మీద ఉంటాయి. పేక దారాన్ని మోసుకుంటూ నాడె అటూ ఇటూ పోయే చప్పుడు, వెంటనే ఆ దారాన్ని బట్టలోకి నెట్టే పన్నె వచ్చి కొట్టే దెబ్బ. ఏ సామాను కావాలో దాదాపుగా ఈ గదే చెప్పేసింది. ముందుగా మైకు, తరువాత కిందికి దిగే స్టాండు, ఆ తరువాతే లైటు. కెమెరా గురించి నాకు ఆలోచన పెద్దగా లేదు.

నవంబరు రెండో వారం: మైకు

మొదట అనుకున్న పద్ధతి తేలికైనది. మగ్గం ఆపి, పెదనాయనను కూర్చోబెట్టి మాట్లాడించి, నేసేటప్పటి బొమ్మలు దాని మీద వేసుకోవడం. ఆయన ఒప్పుకోలేదు. "చేతులాడితేనే నాకు మాటొస్తది బిడ్డా. ఉత్తగ కూసుండబెట్టి చెప్పుమంటే ఏం చెప్పాలె?" అన్నాడు. నిజమే. మగ్గం ఆపి అడిగితే రెండు ముక్కల్లో ముగిస్తాడు. నేస్తుంటే మాత్రం వాళ్ల నాయన దగ్గర నేర్చుకున్న రోజుల దాకా పోతాడు. కాబట్టి మగ్గం చప్పుడు మధ్యలోంచి మాట పట్టగలిగే మైకు కావాలి.

ఫోను సొంత మైకుతో ఎందుకు కుదరదో దూరాలు చూస్తే తెలుస్తుంది. ఫోను ఆరడుగుల దూరంలో పెడితే ఆయన నోరు, పన్నె దెబ్బ రెండూ దానికి ఇంచుమించు ఒకే దూరంలో ఉంటాయి. పన్నె గట్టిది, మాట మెల్లనిది. అదే మైకు నోటికి జానెడు కింద ఉంటే, అంటే తొమ్మిది అంగుళాల్లో ఉంటే, పన్నె అక్కడికి మూడడుగులు. మాటకు నాలుగింతల దగ్గర. దూరం సగమైనప్పుడల్లా శబ్దం 6 డెసిబెల్స్ పెరుగుతుంది కాబట్టి, గోడల ప్రతిధ్వనిని పక్కన పెడితే, మాటకు 12 డెసిబెల్స్ లాభం. ఇంత లాభం ఖరీదైన కెమెరా కొన్నా రాదు.

ఫోనుకు తగిలించే చిన్న షాట్‌గన్ మైకు గురించి కూడా ఆలోచించాను. అది తాను చూసే వైపు శబ్దాన్ని ఎక్కువగా తీసుకుంటుంది. మా గదిలో అది చూసే వైపునే నోరూ మగ్గమూ రెండూ ఉన్నాయి. పైగా గచ్చు నేల, సున్నం గోడలు, చప్పుడు వాటికి తగిలి తిరిగొస్తుంది. వద్దనుకున్నాను.

ఇక కాలర్ మైకు. వైరుదా, వైర్‌లెస్సా? ఇప్పుడు అందరూ టైప్-సీలో గుచ్చే చిన్న వైర్‌లెస్ మైకులే కొంటున్నారు. నడుస్తూ మాట్లాడే మనిషికి అవి చాలా మేలు. పెదనాయన గుంటలోంచి కదలడు. ఆయనకు వైర్‌లెస్ వల్ల వచ్చే లాభం ఏమీ లేదు, చార్జింగ్ చూసుకునే టెన్షన్ ఒకటి అదనం. ఆరు మీటర్ల వైరుతో వచ్చే బోయా బీవై-ఎమ్1 తీసుకున్నాను. తొమ్మిది వందల చిల్లర. లోపల ఎల్ఆర్44 బటన్ సెల్ ఉంటుంది. ఫోనుకా కెమెరాకా అని ఎంచుకునే స్విచ్ ఒకటి ఉంటుంది, అది ఎటు ఉందో ప్రతిసారీ చూసుకోవాలి.

కాలర్ మైకు కొనేవాళ్లు ప్లగ్గు వైపు ఒకసారి చూడండి. దాని మీద నల్ల గీతలు మూడుంటే ఫోను హెడ్‌సెట్ సాకెట్టుకు సరిపోతుంది. రెండే ఉంటే అది కెమెరాకు చేసింది, ఫోనులో పెట్టినా ఫోను సొంత మైకే రికార్డు చేస్తూ ఉంటుంది. నా ఫోనుకు గుండ్రటి సాకెట్టే లేదు. టైప్-సీ కన్వర్టర్ కొనొచ్చు, కానీ చవక కన్వర్టర్లలో కొన్ని ఇయర్‌ఫోన్ వినడానికే పనికొస్తాయి, మైకును పట్టించుకోవు. ఇంట్లో మూలన పడి ఉన్న అమ్మ పాత ఫోనుకు సాకెట్టు ఉంది. దాన్నే రికార్డరుగా చేశాను. దానితో ఇంకో మేలు కూడా దొరికింది. కెమెరా ఫోనును దగ్గరికీ దూరానికీ ఎన్నిసార్లు జరిపినా పాత ఫోనులో మాట తెగకుండా సాగుతూనే ఉంటుంది.

అదే వారం చివర

మాట రికార్డు చేసి విన్నాను. దెబ్బ పడిన ప్రతిసారీ దాని వెనకే వచ్చే మాట సన్నబడుతోంది. ఇది మైకు లోపం కాదు. ఫోనులోని మామూలు రికార్డర్ యాప్ గట్టి శబ్దం రాగానే తనంతట తాను లెవెల్ తగ్గించేస్తుంది, మళ్లీ పెంచడానికి కొంత సమయం తీసుకుంటుంది. నిమిషానికి ఎన్నోసార్లు దెబ్బ పడే చోట ఆ సాయం మనకు పనికిరాదు. ఆటో లెవెల్ ఆపగలిగే యాప్ వేసుకున్నాను. పన్నె దెబ్బకు కూడా మీటరు ఎర్ర గీత తాకకుండా లెవెల్ చేత్తో తగ్గించి, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలుగా (శబ్దాన్ని కుదించకుండా దాచేది) తీస్తున్నాను. గంటకు 350 ఎంబీ లోపే వస్తుంది. పాత ఫోనుకు అది భారం కాదు. సిమ్ తీసేసి ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంచుతున్నాను.

మైకు తగిలించే చోటు కూడా తేలింది. చొక్కాకు పెడితే పన్నె లాగినప్పుడల్లా బట్ట రాసుకుంటోంది. బనీను మెడ మధ్యలో పెట్టి, వైరును ఒక చుట్టు చుట్టి చిన్న టేపు ముక్కతో లోపలికి అంటించాం. వైరు భుజం మీదుగా వీపు వెనక్కి పోవాలి. ముందు వైపు నాడె తాడు ఉంది, కింద తొక్కుడు కట్టెలున్నాయి, వైరు వాటి దగ్గరికి పోకూడదు.

బొమ్మనూ మాటనూ కలపడానికి మొదట్లో ఒకసారి చప్పట్లు కొడుతున్నాం. ఆ తరువాత ఎక్కడైనా సందేహం వస్తే పన్నె దెబ్బే ఆధారం. బొమ్మలో పన్నె తాకిన క్షణం, శబ్దంలో దెబ్బ, రెండూ ఒకచోట పడాలి. ఫోను వీడియోల్లో ఫ్రేమ్ రేటు కాస్త అటూఇటూ అవుతుంది కాబట్టి పొడుగు టేకుల్లో చివరికొచ్చేసరికి మాట జారవచ్చు. అందుకని ఒక్కో టేకును ఏడెనిమిది నిమిషాలకు మించనివ్వడం లేదు.

నవంబరు మూడో వారం: స్టాండు

కోఠి గుజరాతీ గల్లీలో ట్రైపాడ్లు చూశాను. దుకాణదారు ప్రతిదాన్నీ ఎంత ఎత్తుకు లేస్తుందో చూపించాడు. నాకు కావాల్సింది ఎంత కిందికి దిగుతుందో. మగ్గం మీది బట్ట నేలకు మూరెడు ఎత్తులో ఉంటుంది. చవక ట్రైపాడ్లలో కాళ్లను మధ్య కడ్డీకి కలిపే అడ్డపట్టీలు ఉంటాయి. అవి కాళ్లను పూర్తిగా విప్పనివ్వవు, అందువల్ల ఎంత కుదించినా ఒకటిన్నర అడుగు దగ్గరే ఆగిపోతాయి. అడ్డపట్టీలు లేకుండా, కాళ్లు వెడల్పుగా పరుచుకునేదీ, మధ్య కడ్డీని తలకిందులుగా బిగించుకోగలిగేదీ తీసుకున్నాను. కడ్డీ తిప్పి పెడితే ఫోను బట్ట మీదికి నిలువుగా చూస్తుంది. పై నుంచి తీసే షాటుకు వేరే స్టాండు అక్కర్లేదు. పద్దెనిమిది వందలు. ఐదు వేలలో ఎక్కువ ఖర్చు దీనికే అయింది, అయినా ఆ ఖర్చు న్యాయమే అనిపిస్తోంది.

ఫోను పట్టుకునే హోల్డర్ విడిగా కొన్నాను, లోహపుది, స్క్రూ బిగించేది. స్ప్రింగు మీద ఆధారపడే ప్లాస్టిక్ హోల్డర్ నిలువు షాటులో ఫోనును మగ్గం మీద పడేస్తే దారాలు తెగుతాయి. ఆ దారాలు కట్టి, రంగులు వేసి, సర్దడానికి పెదనాయనవాళ్లకు వారాలు పట్టింది. ఇలాంటి స్టాండ్ల మీద మామూలుగా ఉండేది పావు అంగుళం మరే కాబట్టి హోల్డరు విడిగా కొన్నా దాదాపు సరిపోతుంది.

హోల్డర్‌ను మగ్గం చట్రానికే బిగించేద్దామా అని తమ్ముడు అడిగాడు. ప్రతి దెబ్బకు చట్రం అదురుతుంది, బొమ్మ కూడా అదురుతుంది. వద్దన్నాను. స్టాండు మధ్య కొక్కేనికి ఇసుక పోసిన సంచి వేలాడదీశాం. స్టాండు మీద ఉన్నప్పుడు ఫోనులో వీడియో స్టెబిలైజేషన్ (చేతి ఊపును తగ్గించే సదుపాయం) ఆపేస్తున్నాను. అది అంచులు కత్తిరించి బొమ్మను కాస్త చిన్నది చేస్తుంది, పైగా నాడె కదలికను చూసి ఒక్కోసారి నిలకడగా ఉన్న బొమ్మను కూడా జరుపుతుంది.

గింబల్ (నడుస్తూ తీసేటప్పుడు ఫోను ఊగకుండా పట్టే పిడి) వద్దు. ఈ పనిలో నడిచే షాటు లేదు.

డిసెంబరు మొదట్లో: వెలుతురు

ఎక్కువ కష్టపడింది ఇక్కడే.

ట్యూబు వేసి తీస్తే తెర మీద నల్లటి అడ్డచారలు పాకుతున్నాయి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. చవక ఎల్ఈడీ ట్యూబు దానికి రెండింతలు, సెకనుకు 100 సార్లు మినుకుతుంది. కంటికి కనిపించదు, కెమెరాకు కనిపిస్తుంది. షట్టర్ స్పీడ్, అంటే ఒక్కో ఫ్రేముకు కెమెరా వెలుతురు తీసుకునే సమయం, సెకనులో 1/50 గానీ 1/100 గానీ పెడితే ప్రతి ఫ్రేములోనూ పూర్తి మినుకులే పడతాయి, చారలు పోతాయి. ఫోను కెమెరా ప్రో మోడ్‌లో ఇది పెట్టుకోవచ్చు. లేకపోతే ఓపెన్ కెమెరా వంటి ఉచిత యాప్‌లు ఉన్నాయి. నేను సెకనుకు 25 ఫ్రేములు, 1/50కి స్థిరపడ్డాను. 30 ఫ్రేములు మాత్రమే ఇచ్చే ఫోనులో కూడా 1/50 పనిచేస్తుంది.

నాడెను నెమ్మదిగా చూపించాలంటే 120 ఫ్రేములు కావాలి. అప్పుడు షట్టర్ 1/120 కంటే నెమ్మదిగా ఉండే వీలు లేదు, కాబట్టి ట్యూబు కింద చారలు తప్పవు. స్లో మోషన్ షాట్లన్నీ ట్యూబు ఆర్పేసి కిటికీ వెలుతురులోనే తీయాలని రాసిపెట్టుకున్నాను. ఉదయం పదింటి నుంచి రెండింటి దాకా ఆ కిటికీ వెలుతురు సరిపోతోంది. ఉత్తరపు కిటికీ కాబట్టి నేరుగా ఎండ పడదు, నీడలు మెత్తగా ఉంటాయి. స్టేషనరీ దుకాణంలో అరవై రూపాయలకు తెచ్చిన తెల్ల థర్మాకోల్ షీటును ఎదురు గోడకు ఆనిస్తే పెదనాయన ముఖంలో చీకటి వైపు తేరుకుంది. కొన్న వాటన్నింటిలో రూపాయికి ఎక్కువ పని చేసింది ఆ షీటే.

రంగుల సంగతి వేరు. చిటికి బట్టలో ఎరుపు ఎరుపుగానే కనిపించాలి. ఆ ఎరుపు కోసం పెదనాయన దారాన్ని రంగులో ఎంతసేపు ఉంచాలో చూపుతోనే చెబుతాడు. ఫోనులో ఆటో వైట్ బ్యాలెన్స్ (వెలుతురును బట్టి రంగులను తనంతట సర్దే పద్ధతి) ఉంటే, ఎర్ర భాగం తెర నిండగానే ఫోను దాన్ని సర్దడానికి నీలం కలుపుతుంది. ఒకే చీర రెండు షాట్లలో రెండు రంగుల్లో కనిపిస్తుంది. అందుకని షాటుకు ముందు బట్ట మీద తెల్ల కాగితం పెట్టి, అది తెల్లగా కనిపించేలా వైట్ బ్యాలెన్స్ సరిచేసి, అక్కడే లాక్ చేస్తున్నాను. ఎక్స్‌పోజర్ (వెలుతురు మోతాదు), ఫోకస్ కూడా లాకే. తెర మీద వేలు కాసేపు ఒత్తి ఉంచితే చాలా ఫోన్లలో ఆ రెండూ లాక్ అవుతాయి. కిటికీ వెలుతురు వాడుతున్నప్పుడు ట్యూబు ఆర్పేయాలి. రెండు రకాల వెలుతురు కలిస్తే బట్టకు ఒక వైపు ఒక రంగు, ఇంకో వైపు ఇంకో రంగు వస్తుంది, దాన్ని తరువాత ఏ సాఫ్ట్‌వేరూ సరిగ్గా దిద్దలేదు.

సాయంత్రం షాట్లకు ఒక చిన్న ఎల్ఈడీ ప్యానెల్ కొన్నాను, పదిహేను వందలకు. సీఆర్‌ఐ 95 పైన ఉన్నది అడిగాను. ఆ అంకె 100కు ఎంత దగ్గరగా ఉంటే ఆ వెలుతురులో రంగులు అంత నిజంగా కనిపిస్తాయి. డబ్బా మీద రాసినదాన్ని నమ్మి ఊరుకోలేదు. ఎర్ర చిటికి జేబురుమాలు వెంట తీసుకుపోయి, దుకాణం గుమ్మం దగ్గర పగటి వెలుతురులో ఒకసారి, లోపల ప్యానెల్ కింద ఒకసారి చూశాను. ఇంకో పరీక్ష కూడా అక్కడే చేశాను. ప్యానెల్ వెలుగును బాగా తగ్గించి, ఫోనులో షట్టర్ 1/1000 పెట్టి చూస్తే, మినుకే ప్యానెల్ అయితే చారలు వెంటనే బయటపడతాయి. మొదట చూపించిన రెండింటిలోనూ చారలు కనిపించాయి. మూడోది తీసుకున్నాను.

రింగ్ లైటు తీసుకోమని చాలామంది చెప్పారు. అది ముఖం ఎదురుగా పెట్టి మాట్లాడేవాళ్లకు బాగుంటుంది. బట్ట మీద ఎదురుగా పడే వెలుతురు దారాల ఎత్తుపల్లాలను చదును చేసేస్తుంది. నేత కనిపించాలంటే వెలుతురు పక్కనుంచి, ఏటవాలుగా రావాలి.

డిసెంబరు మధ్యలో: దారాల మీద అలలు

నేత పనిని తీసేవాళ్లకు తరచు ఎదురయ్యే సమస్య ఇది. పడుగు దారాల వరుస, కెమెరా సెన్సార్ మీది చుక్కల వరుస దాదాపు ఒకే సన్నదనంలో పడినప్పుడు బట్ట మీద లేని అలలు, రంగుల చారలు పుడతాయి. పెదనాయన తెర మీద చూసి, "గిది నా బట్ట కాదు" అన్నాడు. ఫోనును ఇంకా దగ్గరికి జరిపి దారాలు విడివిడిగా కనిపించేలా చేస్తే పోయింది. లేదా కాస్త వంచినా పోతోంది. మధ్య దూరమే చెడ్డది. ఫుల్ హెచ్‌డీ కంటే, ఇంకా సన్నని వివరం పట్టే 4కేలో ఈ ఇబ్బంది తక్కువగా ఉంది, కాబట్టి బట్ట దగ్గరి షాట్లు 4కేలో, మాటల షాట్లు ఫుల్ హెచ్‌డీలో తీస్తున్నాను. దగ్గరి షాట్లకు ఫోనులోని మెయిన్ లెన్సే వాడుతున్నాను. వైడ్ లెన్సు ఆ గది వెలుతురులో గింజలు గింజలుగా తీస్తోంది. క్లిప్పుతో తగిలించే మాక్రో లెన్సులు అంచుల్లో రంగులు చెదరగొడతాయి, కొనలేదు.

4కే చోటు తింటుంది. నా ఫోను సెకనుకు 50 మెగాబిట్లు రాస్తుంది, అంటే నిమిషానికి 375 ఎంబీ, గంటకు 22 జీబీ పైనే. ఫుల్ హెచ్‌డీ అందులో మూడో వంతు. సాయంత్రం ఫైళ్లు లాప్‌టాప్‌లోకి, అక్కడినుంచి పెన్‌డ్రైవులోకి. రెండుచోట్లా తెరిచి చూశాకే ఫోనులోంచి తీసేస్తున్నాను.

డిసెంబరు చివర: పెద్దమ్మ, ఆసు

ఈ సామాను మొత్తంతో మొదటగా తీసింది ఆసు. పేక దారాన్ని అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల మీదుగా అటూ ఇటూ తిప్పడం. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి. ఆలేరుకు చెందిన చింతకింది మల్లేశం వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మా పెద్దమ్మ ఇప్పుడు యంత్రం మీదే పోస్తుంది. చేత్తో పోసి చూపించమని అడిగితే, "ఎంతసేపు పొయ్యాలె?" అని అడిగింది. ఆ భుజాన్ని మళ్లీ మళ్లీ తిప్పించే హక్కు నాకు లేదు. అందుకని ముందే స్టాండు, వెలుతురు, ఫోకస్ అన్నీ తమ్ముణ్ణి కూర్చోబెట్టి సరిచేసుకున్నాను. పెద్దమ్మ వచ్చి కూర్చున్నాక ఒకే టేకు. అర్ధచంద్రం మొత్తం, ఆమె భుజం, ముఖం ఒకే ఫ్రేములో. దగ్గరి షాట్లకు యంత్రం మీది దారం సరిపోతుంది. సామాను సిద్ధంగా ఉండడం అవతలి మనిషి ఒంటికి కూడా ఎంత ముఖ్యమో నాకు ఆ రోజు బాగా అర్థమైంది.

పెదనాయన ఒక్క షరతు పెట్టాడు. మగ్గం పక్క గోడకు అంటించిన కొత్త డిజైను గ్రాఫు కాగితం వీడియోలో పడకూడదు. "ఇయ్యాల చూపిస్తే రేపు ప్రింటు చీరల మీద కనపడ్తది" అన్నాడు. ఆ భయం న్యాయమైనది. ఇక్కడి చిటికి డిజైన్లకు ప్రింటు నకళ్లు బజారు నిండా ఉన్నాయి. 4కేలో గోడ మీది గ్రాఫును ఎవరైనా పెద్దది చేసుకుని గళ్లు లెక్కపెట్టుకోవచ్చు. ప్రతి షాటుకు ముందు ఆ కాగితం తీసేస్తున్నాం. బదులుగా ఇంకో షాటు చేర్చాను: నేసిన బట్టను తిరగేసి వెనక వైపు చూపడం. చిటికిలో రంగు దారానికే పట్టి ఉంటుంది కాబట్టి రెండు వైపులా డిజైను ఒకేలా ఉంటుంది. ప్రింటు నకలులో వెనక వైపు వెలిసినట్టు ఉంటుంది. కొనేవాళ్లకు ఈ ఒక్క సంగతి తెలిసినా నేతన్నకు మేలు.

జనవరి మొదట్లో: ఇప్పటిదాకా

మైకు, స్టాండు, హోల్డర్, ప్యానెల్, థర్మాకోల్ కలిపి నాలుగు వేల ఏడు వందల లోపే అయ్యాయి. పవర్ బ్యాంకు ఇంట్లో ఉన్నదే. ఆసు వీడియో, నేత మొదటి భాగం తీయడం అయిపోయింది. మాట శుభ్రంగా ఉంది, దాని వెనక పన్నె దెబ్బ వినిపిస్తూనే ఉంది. దాన్ని పూర్తిగా తీసేయాలని లేదు, అది కూడా ఉండాల్సిందే.

మిగిలింది చిటికి కట్టడం, రంగు. చిటికి కట్టడం పై నుంచి తీసే షాటు. సైకిలు ట్యూబు నుంచి కోసిన రబ్బరు పట్టీలను వేళ్లు ఎంత వేగంగా చుడతాయో దానికి 25 ఫ్రేములు చాలకపోవచ్చు, కిటికీ దగ్గర 120లో ఒకసారి చూడాలి. రంగుల కొట్టంలో ఆవిరి ఎక్కువ. లెన్సు మసకబారకుండా ఫోనును ముందే కాసేపు ఆ గదిలో ఉంచి వేడికి అలవాటు చేయాలి, మెత్తటి బట్ట జేబులో ఉండాలి, స్టాండు తొట్టికి చేతి దూరంలో ఉండకూడదు. సంక్రాంతికి మగ్గం ఆగుతుంది. పండుగ అయ్యాక రంగు ఎప్పుడు కాస్తారో పెద్దమ్మ ఫోను చేసి చెబుతానన్నది.